తిరుగుటపా పెదనాన్న

పండు వాళ్ల పెదనాన్న ఏ వస్తువు కొన్నా తిప్పి పంపకుండా ఉండలేడు. కొనడం ఆయనకి సగం పని, దాన్ని వెనక్కి పంపించినప్పుడే ఆ పని పూర్తయినట్టు. అందుకే చుట్టాలందరూ ఆయన్ని చాటుగా తిరుగుటపా అంటారు. ఎదురుగా కూడా ఒకరిద్దరు నోరు జారారు గానీ, ఆయన అదేదో బిరుదనుకుని మీసం సవరించుకున్నాడు.

ఆ వీధికి వచ్చే కొరియర్ అతనికి ఈ సంగతి బాగా తెలుసు. మిగతా ఇళ్ల దగ్గర బండి దిగకుండానే పొట్లం అందించి చక్కాపోతాడు. పెదనాన్న ఇంటి దగ్గర మాత్రం బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. పెద్దమ్మ టీ ఇస్తుంది. అతను టీ తాగేలోపు లోపల తీర్పు వచ్చేస్తుంది, పొట్లం మళ్లీ అతని సంచిలోకి చేరుతుంది. రేపు మళ్లీ రావడం ఎందుకు, పెట్రోలు దండగ అని అతని లెక్క.

తీర్పు జరిగేది ఉత్తరం వైపు కిటికీ దగ్గర. అక్కడ ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం పొద్దున్నించీ ఒకేలా ఉంటుంది. పెదనాన్న రిటైరయ్యేదాకా రంగుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. డబ్బాలో ఉన్న రంగూ మూత మీద చూపించిన రంగూ ఒకటేనా కాదా అని చూడడమే ఆయన ఉద్యోగం. అన్నేళ్లు మూతల్ని అనుమానించిన మనిషి, రిటైరయ్యాక లోకం మొత్తాన్నీ మూత పెట్టిన డబ్బాలాగే చూడడం మొదలుపెట్టాడు. వచ్చిన వస్తువును కిటికీలో తెల్ల కాగితం మీద పెడతాడు. దాని పక్కన ఫోన్లో ఫొటో పెడతాడు. దీన్నోసారి, దాన్నోసారి చూస్తాడు. చూసి, "అబ్బే" అంటాడు. ఆ మాట వరండాలోకి వినబడగానే కొరియర్ అతను గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపుతాడు.

ఒకసారి ముదురు నీలం చొక్కా తెప్పించుకున్నాడు. అబ్బే. దాని బదులు ఇంకోటి పంపించారు. అదీ అబ్బే. మూడోసారి వచ్చిన చొక్కా విప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. హమ్మయ్య, నచ్చిందని పెద్దమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. తీరా చూస్తే సంగతి అది కాదు. ఇది మొదట వచ్చిన చొక్కాయేనని, కాలరు కింద ఆ మడత తను పెట్టిందేనని ఆయన, చిన్ననాటి స్నేహితుడు కనబడినంత సంబరంగా చెప్పాడు. ఆ స్నేహితుణ్ణి కూడా ఆ పూటే సాగనంపాడు.

పండు పెళ్లి విషయంలో కూడా ఇదే తంతు. పెళ్లికొడుకు ఫొటో రాగానే ఇంట్లో అందరూ బాగున్నాడంటే బాగున్నాడన్నారు. పెదనాన్న మాత్రం ఫొటో పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. "ఈ నవ్వు ట్యూబులైటుది. మనిషి నవ్వు చూడాలి. అబ్బాయిని పగటిపూట రమ్మనండి," అన్నాడు. పాపం ఆ అబ్బాయి మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పెదనాన్న అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, ఏదో హాస్యమాడి నవ్వించి, ఆ నవ్వును ఎగాదిగా చూశాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి అబ్బే కోసం ఎదురుచూశారు. ఆయన "ఊఁ, ఫొటోలో కంటే నయమే," అన్నాడు. పండు మొగుడు ఆ ముక్కని ఇప్పటికీ పతకంలా తగిలించుకుని తిరుగుతాడు. పెదనాన్నగారు తిప్పి పంపనిది ఈ భూమ్మీద తనొక్కణ్ణేనని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

ఇక పండు సంగతి. పెళ్లయి ఇల్లు నడుపుకుంటున్నా, ఇంట్లో అందరికీ ఆమె పండే. పెద్ద నగల కొట్టులో కౌంటరు వెనక నిలబడి రంగురాళ్లు చూపించే ఉద్యోగం చేసేది. పొద్దస్తమానం నిలబడేసరికి కాళ్లు పోట్లు, దానికి తోడు యజమాని విసుర్లు. రాళ్లంటే ప్రాణం, ఆ కౌంటరంటే నరకం. చివరికి తెగించి, సొంతంగా ఆన్‌లైన్లో రాళ్లు అమ్ముకుంటానని ఉద్యోగం మానేసింది. ఎక్కడికి పోతావులే, తిరిగొస్తావు, నీ చోటు అలాగే ఉంచుతాను అని యజమాని నవ్వాడు. ఆ నవ్వు పండుకి ముల్లులా గుచ్చుకుంది. ఏమైనా సరే, మళ్లీ ఆ కౌంటరు వెనక నిలబడకూడదని ఒట్టు పెట్టుకుంది.

వెనకగదిలో బల్ల వేసింది. బల్ల మీద నల్ల వెల్వెట్ గుడ్డ, దానికి రెండు పక్కలా రెండు లైట్లు. రాళ్లకి సానపట్టే ఆయన దగ్గర తెచ్చుకున్న రాళ్లని ఆ గుడ్డ మీద పెట్టి ఫొటోలు తీసింది. నల్లటి గుడ్డ మీద, లైటు కింద, ఎంత నీరసం రాయైనా నిప్పులా వెలిగింది. ఫోను కూడా తన వంతుగా ఇంకో పూత పూసింది. ఫొటోలు చూసుకుని పండు మురిసిపోయింది.

ఒక వెబ్‌సైటులో కొట్టు తెరిచిన రోజే ఒక పచ్చరాయికి ఆర్డరు వచ్చింది. కొన్నదెవరా అని చూసింది. పెదనాన్న. మొదటి బేరమే తిరుగుటపా అని మొగుడి దగ్గర మొహం వేలాడేసింది. కొట్టు తెరవగానే వస్తువు తిరిగొస్తే ఇంకేం కొట్టు, ఇంకేం వ్యాపారం అనిపించింది. అయినా రాయిని దూదిలో పెట్టి, పసిబిడ్డని పంపినట్టు పంపించింది.

ఆ రోజు కొరియర్ అతను వరండాలో కూర్చుని టీ తాగాడు. లోపల్నించి చప్పుడు లేదు. పెద్దమ్మ ఇంకో టీ ఇచ్చింది, అదీ అయిపోయింది. చివరికి పెదనాన్న బయటికొచ్చి, ఇక నువ్వు వెళ్లిరా నాయనా అన్నాడు. కొరియర్ అతను ఆయన్ని ఎగాదిగా చూసి, సార్, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడట. సాయంత్రానికల్లా ఈ వార్త చుట్టాలందరికీ పాకిపోయింది. తిరుగుటపా పెదనాన్న ఒక రాయి ఉంచుకున్నాడంటే అది సామాన్యమైన రాయి కాదని అందరూ తేల్చేశారు. పండు మొగుడొక్కడే కాస్త చిన్నబోయాడు.

పండు పప్పులో కాలేసింది ఇక్కడే. అంతటి మనిషికే నచ్చిందంటే తన రాళ్లకీ ఫొటోలకీ ఇక తిరుగులేదనుకుంది. అదే గుడ్డ మీద, అవే లైట్ల కింద, ఉన్న రాళ్లన్నిటికీ ఫొటోలు తీసి పెట్టేసింది.

మర్నాటి నుంచీ ప్రశ్నలు మొదలయ్యాయి. ప్రతి రాయి కిందా కొనేవాళ్లు అందరికీ కనబడేలా ప్రశ్న రాసే చోటు ఉంటుంది కదా, అక్కడ పెదనాన్న తిష్ట వేశాడు. తన పేరుతోనే, కానీ ముక్కూమొహం తెలియని మనిషికి రాసినట్టు రాసేవాడు.

"దుకాణం వారికి నమస్కారం. ఈ నీలం లైటు కింద తీసిందా, కిటికీ దగ్గర తీసిందా? తెల్ల లైటు కింద ప్రతి నీలమూ మహారాజే, పసుపు లైటు కింద ప్రతి ఎర్రరాయీ మహారాణే. కిటికీ దగ్గర, తెల్ల కాగితం మీద పెట్టి తీయగలరు."

ఇంకో రాయి కింద ఇంకోటి. "రాయి కింద న్యూస్‌పేపరు పెట్టి పైనుంచి ఫొటో తీయగలరు. సాన సరిగ్గా పట్టిన రాయి వెలుతురుని మన కంటికి తిప్పి పంపిస్తుంది. సరిగ్గా పట్టకపోతే మధ్యలో పల్చబడి, కింద అక్షరాలు కనబడతాయి. నాకు రాయి కావాలి, వార్తలు వద్దు."

మరో రాయికి పక్కనుంచి తీసిన ఫొటో అడిగాడు. తూకం తగ్గకుండా ఉండాలని కొందరు రాయి అడుగున పొట్ట వదిలేస్తారని, పైనుంచి చూస్తే అందరం సన్నగానే కనబడతామని రాశాడు. ఆయన అది టైపు చేస్తుంటే పెద్దమ్మ వెనకనించి చదివి, మీ ఫొటో కూడా పక్కనుంచే తీయించాలి అందట.

పండుకి ఒళ్లు మండిపోయింది. బయటివాళ్లు చూసే చోట సొంత పెదనాన్నే ఇలా నిలదీస్తుంటే ఎవరు కొంటారు? పోనీ ఫోన్లో మాట్లాడేటప్పుడైనా ఆ ఊసెత్తుతాడా అంటే అదీ లేదు. ఫోనెత్తగానే ఒకటే మాట, "ఏమే పండూ, తిన్నావా?" అని. అల్లుడు కులాసానా, కాళ్ల నొప్పులు తగ్గాయా, ఇవే కబుర్లు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"పెదనాన్నా, ఆ ప్రశ్నలేవో నన్ను ఫోన్లోనే అడగొచ్చుగా?"

"ఫోన్లో ఎలా అడుగుతానే? ఫోన్లో నేను నీ పెదనాన్నని. అక్కడ కొనేవాణ్ణి. కొనేవాడు కొట్టు ముందు నిలబడి అడుగుతాడు గానీ, వంటింట్లోకొచ్చి చెవిలో అడగడు."

పండు ఆ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాయలేదు.

ఇంతలో అమ్మిన రాళ్లు ఒక్కొక్కటే ఇంటికి రావడం మొదలుపెట్టాయి. ఫొటోలో నెమలి మెడలా ఉంది, చేతిలో సిరా మరకలా ఉందని ఒకావిడ నీలాన్ని తిప్పి పంపింది. ఉంగరంలో పొదిగిద్దామంటే పొట్ట అడ్డమొస్తోందని ఇంకొకాయన. పొట్లాలు తెచ్చే మనిషి మొహం చూడాలంటేనే పండుకి బెదురు పుట్టింది. చివరికి వెబ్‌సైటు వాళ్లు ఖరాఖండీగా రాశారు. ఇలాగే వస్తువులు తిరిగొస్తూ ఉంటే మీ దుకాణం తీసేస్తాం అని. సరిగ్గా అదే వారం పాత కొట్టులో స్నేహితురాలు ఫోన్ చేసి, యజమాని నీ చోటు చూపించి ఇంకా నవ్వుతున్నాడే అని చెప్పింది. పండు ఆ నల్లగుడ్డ ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. తరవాత ఉక్రోషం పట్టలేక పెదనాన్నకే ఫోన్ చేసింది.

"నా రాయి నచ్చే కదా పెదనాన్నా నువ్వు ఉంచుకున్నావు? మరి మిగతావాళ్లకేం రోగం?"

ఆయన నెమ్మదిగా, "మీ ఇంట్లో కిటికీ ఉంది కదే?" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క మాట్లాడలేదు.

పండు ఫోన్ పెట్టేసి లేచి, మొగుడి చేత బల్ల మోయించి, ముందుగదిలో కిటికీ కింద వేయించింది. వెల్వెట్ గుడ్డ తీసేసి తెల్ల కాగితం పరిచింది. తన రాళ్లని తను మొదటిసారి చూసినట్టు చూసింది. కొన్ని నిజంగానే బాగున్నాయి. కొన్నిట్లోంచి న్యూస్‌పేపరు అక్షరం పొల్లుపోకుండా చదవొచ్చు. ఒక ఎర్రరాయి లైటు కింద దానిమ్మగింజ, కిటికీ దగ్గర ఇటుక. సగం రాళ్లని మళ్లీ సానపట్టించడానికి పంపించేసింది. మిగిలినవాటికి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, న్యూస్‌పేపరు మీద ఒకటి, వేళ్ల మధ్య పట్టుకుని ఒకటి ఫొటోలు తీసింది. లోపమున్న చోట ఉందని రాసింది. అప్పుడు కూర్చుని, పెదనాన్న అడిగిన పాత ప్రశ్నలన్నిటికీ వరసబెట్టి జవాబులు రాసింది. "కొనేవారికి నమస్కారం," అనే మొదలుపెట్టింది.

మొదట్లో అమ్మకాలు పడిపోయాయి. కిటికీ వెలుతురులో రాళ్లు స్నానం చేసి తల తుడుచుకుని వచ్చిన మనుషుల్లా సాదాగా ఉన్నాయి మరి. కానీ కొన్నవాళ్లెవరూ తిప్పి పంపలేదు. వాళ్లే మళ్లీ కొన్నారు, వాళ్ల చుట్టాలకి చెప్పారు. ఒక టీచరుగారైతే ఇలా రాసింది: "ఆ చాదస్తపు పెద్దాయన ప్రశ్నలూ, మీ జవాబులూ మొత్తం చదివాకే కొన్నాను. ఆయనకి జవాబు చెప్పుకోగలిగిన కొట్టు నన్నేం మోసం చేస్తుంది?" ఆ మాట చదివి పండు లెంపలేసుకుంది. తనకి అడ్డం పడుతున్నాడనుకున్న మనిషి ఇన్నాళ్లూ కొట్టు గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్లకి ధైర్యం చెబుతున్నాడని అప్పటికి అర్థమైంది. వెబ్‌సైటు వాళ్లు హెచ్చరిక తీసేశారు. పాత యజమాని ఎదురుచూసి ఎదురుచూసి, ఆ ఖాళీ చోటులో ఒక పూలకుండీ పెట్టుకున్నాడని తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున్న పండు మొగుణ్ణి వెంటబెట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లింది. మనసారా కృతజ్ఞత చెప్పుకోవాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో న్యూస్‌పేపరు చదువుకుంటున్నాడు. చేతికి ఉంగరం ఉంది. ఉంగరంలో పచ్చరాయి. ఆయన ఉంగరం పెట్టుకోవడం పండు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇప్పుడు ఆమె కళ్లు మునుపటి కళ్లు కావు. ఉత్తరం వెలుతురులో ఆ రాయి ఫొటోలో కనబడిన లేత ఆకు రంగు కానే కాదు, వెలిసిపోయిన కర్టెన్ రంగు. ఆయన చెయ్యి పట్టుకుని న్యూస్‌పేపరు మీద ఆనించి, పైనుంచి చూసింది. రాయి నడిమధ్యలోంచి, రేపు చెదురుమదురు జల్లులు పడతాయన్న వార్త ఇంచుమించు చదవొచ్చు.

"పెదనాన్నా, ఇది నేను పంపిన మొదటి రాయే కదూ?"

"ఊఁ."

"ఇలా ఉందని నీకు ఆ రోజే తెలుసా?"

"కొరియర్ అతను మొదటి గుక్క తాగకముందే తెలుసు."

"మరెందుకు తిప్పి పంపలేదు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మ టీ కప్పులు బల్ల మీద పెట్టి, ఆయన బదులు తనే చెప్పింది. "ఆ రోజు ఈయనకి అబ్బే నోటిదాకా వచ్చిందే పండూ. బలవంతాన మింగేశారు. అలవాటు లేని పని కదా, రెండు రోజులు అజీర్తి చేసింది."

"మొదటి రాయే తిరిగొస్తే నువ్వేం చేసేదానివి?" అన్నాడు పెదనాన్న, ఇంకా బయటికే చూస్తూ. "మొహం ముడుచుకుని, అన్నీ సర్దేసి, వెళ్లి ఆ కౌంటరు వెనక నిలబడేదానివి. రాయి బాగాలేదు, నిజమే. నీ కొట్టు మటుకు నాకు నచ్చింది."

పండు కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నువ్వు లేకపోతే నా కొట్టు లేదు పెదనాన్నా," అని మాత్రం అనగలిగింది. ఆయన అది విననట్టే, అల్లుడి టీ చల్లారిపోతోందన్నాడు.

పండు ముక్కు తుడుచుకుని, ఆ ఉంగరం ఇటివ్వమని, తన దగ్గరున్నవాటిలోకల్లా మంచి పచ్చ పొదిగించి తెస్తానని చెయ్యి చాపింది. ఆయన గభాల్న చేతిని వీపు వెనక దాచుకున్నాడు. తిప్పి పంపే గడువు ఎప్పుడో దాటిపోయిందన్నాడు. పైగా కళ్లజోడు కనబడనప్పుడు వార్తలు చదువుకోడానికి పనికొస్తోందన్నాడు. అయితే మళ్లీ ఒక మంచి రాయి కొనాల్సిందేనని, ఈసారి మొహమాటం లేకుండా చూడాలని పండు పట్టుబట్టింది. ఆయన సరేనన్నాడు.

అన్నట్టే ఒక ఎర్రరాయి కొన్నాడు. పండు దగ్గరున్నవాటిలో అదే మేలైనది. పండు కిటికీ దగ్గర దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కాగితం మీదా, వేళ్ల మధ్యా చూసి, ఇక వంక పెట్టడానికేం లేదని నిర్ధారించుకుని, తల ఎత్తుకుని పంపించింది.

అనుకున్న రోజుకి రాయి పెదనాన్న ఇంటికి చేరింది. ఆ తరవాత నాలుగు రోజులకి పండు ఇంటి గంట మోగింది. గుమ్మంలో పొట్లం. విప్పితే లోపల అదే ఎర్రరాయి, అదే దూది. తిప్పి పంపడానికి కారణం అన్న చోట పెదనాన్న రాసింది ఇదీ:

"అబ్బే. ఫొటోలో కంటే ఒక పిసరు ముదురు. నడుము కాస్త మందం. దుకాణం ఇప్పుడు గట్టిపడింది, తట్టుకోగలదు."

పండు రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తెల్ల కాగితం మీద పెట్టింది. ఫోన్లో ఫొటో పక్కన పెట్టింది. దీన్నోసారి, దాన్నోసారి చూసింది. నిజమే, ఒక పిసరు ముదురు. ఆమెకి నవ్వాగలేదు. తిరిగొచ్చింది, తిరిగొచ్చింది అని మొదటి బేరం తగిలినంత సంబరంగా మొగుణ్ణి కేకేసింది. అతను వచ్చి చూసి, ఆ పచ్చరాయి తప్ప ఇక తనకి పోటీ లేదని తృప్తిపడ్డాడు.

పండు గొంతు సవరించుకుని ఫోన్ చేసింది.

"దుకాణం నుంచండీ, నమస్కారం. మీరు తిప్పి పంపిన రాయి అందింది. చాలా సంతోషం."

అవతల పెదనాన్న గొంతు ఎప్పటిలాగే పలికింది.

"ఏమే పండూ, తిన్నావా?"